ఏలీయా గారు గెలుస్తారన్నారంటే

పాలగట్టులంక టైలరు ఏలీయాకి ఈ భూప్రపంచంలో తెలియని సంగతి లేదు. బాగ్దాదు ఊళ్ళో నది ఎటు నుంచి ఎటు పారుతుందో చెప్పేవాడు. అమెరికావాడు పొద్దున్నే లేచి ఎవడి మీద పళ్ళు నూరుతున్నాడో చెప్పేవాడు. ఢిల్లీలో ఏ మంత్రికి ఏ మంత్రితో పడదో, ఆ చెడడం ఎన్నాళ్ళకి బయటపడుతుందో వేళ్ళు మడిచి మరీ చెప్పేవాడు. ఒక్క జాకెట్టు మాత్రం చెప్పిన రోజుకి కుట్టి ఇచ్చేవాడు కాదు.

పాలగట్టులంక కొల్లేటి అంచున గట్టు మీద కూర్చున్న ఊరు. ఏలూరు నుంచి వచ్చే బస్సు ఇక ముందుకి పోయే దారి లేక అక్కడ వెనక్కి తిరుగుతుంది. అది తిరిగే జాగాకి ఓ పక్క వీరాస్వామి టీకొట్టు, దాన్ని ఆనుకుని ఏలీయా కుట్టుమిషను. మొదటి బస్సులో పేపరు దిగేది. ఆ పేపరుకి చందా కట్టేది వీరాస్వామి. మడత విప్పే హక్కు మాత్రం ఏలీయాది. ఆ హక్కు ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. రేట్ల పేజీ చేపల వాళ్ళకి, సినిమా పేజీ కుర్రకారుకి పంచేసి, మొదటి పేజీ తను అట్టేపెట్టుకునేవాడు. మెడలో టేపు, కాలు పెడలు మీద, కళ్ళజోడు ముక్కు కొస మీద. గట్టిగా ఒక వార్త చదివి, ఆగి, కళ్ళజోడు పైనుంచి అందరి వంకా చూసి, "ఇక్కడ విషయం ఏంటంటేనండీ..." అనేవాడు. ఆ మాట పడగానే బెంచీ మీదవాళ్ళు టీ గ్లాసులు పక్కన పెట్టేసేవారు.

చదవడం, విడమరచడం పూర్తయ్యాక ఆ పేజీని బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి జాకెట్ల కటింగులకి వాడేవాడు. ఆ లెక్కన ఊళ్ళో ఆడవాళ్ళు తొడుక్కున్న జాకెట్లన్నీ ఏదో ఒక యుద్ధం మీద కత్తిరించినవే. చేతులు కాస్త బిగుతైతే, "దేశాల పరిస్థితే అలా ఉందమ్మా, నన్నేం చెయ్యమంటావు?" అనేవాడు.

ఇదంతా బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఏలీయా ముందుగా చెప్పిన మాట ఒక్కటంటే ఒక్కటి నిజమై చావలేదు.

ఇరాకు మీదికి అమెరికా దండెత్తినప్పుడు, "రెండేళ్ళైనా బాగ్దాదు గుమ్మం తొక్కలేరండీ, ఎడారి ఇసకని తేలిగ్గా తీసుకోకూడదు" అన్నాడు. మూడు వారాలు తిరక్కుండా బాగ్దాదు పడింది. ఆ ఏడే క్రికెట్టు ప్రపంచ కప్పు ఫైనలుకి, "కప్పు మనదే, రాసి పెట్టుకోండి" అన్నాడు. అది ఏమైందో గుర్తు చెయ్యడం ఎందుకు లెండి, పాత పుండు. మరుసటి ఏడు ఎన్నికలొచ్చాయి. దేశం వెలిగిపోతోందంటున్నవాళ్ళే ఢిల్లీలో మళ్ళీ వస్తారన్నాడు, హైదరాబాదులో ఉన్నవాళ్ళకి తిరుగులేదన్నాడు. రెండు చోట్లా దీపాలు ఆరిపోయాయి. అమెరికాలో పాత అధ్యక్షుడు మూటాముల్లే సర్దుకోవాల్సిందేనన్నాడు. వాడు ఇంకో నాలుగేళ్ళకి మంచం వాల్చాడు.

మరొకడైతే సిగ్గుతో నోటికి తాళం వేసుకునేవాడు. ఏలీయా అలాంటివాడా? మర్నాడు పొద్దున్నే పేపరు విప్పి, "నేను చెప్పింది తప్పు కాదండీ, మధ్యలో కుట్ర జరిగింది" అని మొదలుపెట్టేవాడు. ఆ కుట్ర ఎవరు చేశారో, ఎందుకు చేశారో చెప్పేసరికి ఇంకో రెండు టీలు గడిచేవి. కుట్ర చెయ్యనివాడు ప్రపంచంలో ఏలీయా ఒక్కడే.

ఈ మర్మం మొదట కనిపెట్టింది వీరాస్వామి. రోజూ పాలు మరగబెడుతూ వినేవాడు కదా, ఓరోజు అతనికి లెక్క తట్టింది. మనిషి ఎప్పుడో ఓసారి తప్పు చెప్తే అజ్ఞానం, ఎప్పుడూ తప్పే చెప్తే అది విద్య. ఆ మాట ఓ చేపల ఆసామి చెవిలో వేశాడు. ఆసామి ఇంకొకరి చెవిలో వేశాడు. అంతే! ఆరు నెలలు తిరిగేసరికి పాలగట్టులంకలో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఓ ఆచారం స్థిరపడిపోయింది. పొద్దున్నే ఏలీయా చెప్పేది భక్తిగా వినడం, తలూపడం, లేచి వెళ్ళి సరిగ్గా దానికి అడ్డంగా చెయ్యడం. వాన రాదన్నాడంటే కళ్ళాల్లో ధాన్యం మీద పరదాలు కప్పేసేవారు. రొయ్య ధర పెరుగుతుందన్నాడంటే ఆ మధ్యాహ్నమే అమ్మేసేవారు. పేట చర్చి పాస్టరు గారు పెద్దమనిషి, నోరు జారడు. ఆయన కూడా ఓసారి, "పేరేమో వాన కురవదని చెప్పి కురవకుండా ఆపిన ప్రవక్తది. మన ఏలీయా వాన లేదంటే మాత్రం గొడుగు తీసుకుని బయల్దేరాలి" అన్నారు.

ఇంతమందిలో ఒక్కరూ ఆ ముక్క ఏలీయాతో అనలేదా అంటే, అనలేదు. అంటే నోరు కట్టేసుకుంటాడు, ఊరు నష్టపోతుంది. అదొక కారణం. అసలు కారణం వేరు. మా గోదావరి వాళ్ళకి ఎదుటి మనిషి ముఖం మీద "మీరు తప్పండీ" అనడం చేతకాదు. "ఆయ్, అలాగంటారా?" అంటారు. ఆ "అలాగంటారా"లో ఎంత గొయ్యి ఉందో అందులో పడ్డవాడికే తెలియాలి. ఏలీయా ఏళ్ళ తరబడి ఆ గోతిలో కుర్చీ వేసుక్కూర్చుని, అది సింహాసనం అనుకున్నాడు.

రెండువేల ఆరులో కొల్లేట్లో చెరువులు కొట్టేస్తారని పుకారు పుట్టింది. సరస్సుకి హద్దుగా గీసిన ఐదో కాంటూరు లోపల ఉన్న చేపల చెరువుల గట్లన్నీ తవ్వి పారేస్తారని. ఊరు ఊరంతా గుండెలు చిక్కబట్టుకుని టీకొట్టు దగ్గర చేరింది. ఏలీయా మిషను ఆపి, పేపరు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇక్కడ విషయం ఏంటంటేనండీ, ఇదంతా కాయితాల మీదే. ఇన్ని వేల ఎకరాల గట్లు కొట్టేవాడు ఇంకా పుట్టలేదు. ఒక్క గంప మట్టి కదలదు. నిశ్చింతగా మేత వేసుకోండి" అన్నాడు.

"ఆయ్, అలాగంటారా?" అన్నారు అందరూ. అని, లేచి, పరుగులాంటి నడకతో పోయి, ఆ వారంలోనే చెరువులన్నీ పట్టుబడి చేసి, ఉన్న చేపలన్నీ అమ్మేశారు. కైకలూరు నుంచి ఐసు లారీల మీద లారీలు దిగాయి. తర్వాత కొన్నాళ్ళకి పొక్లెయిన్లు వచ్చి గట్లు తవ్వేస్తుంటే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కళ్ళముందే నీళ్ళలో కలిసిపోతున్న చేపల్ని చూసి గుండెలు బాదుకున్నారు. పాలగట్టులంకవాళ్ళకి చెరువులు పోయాయి గాని చేపలు పోలేదు. ఆ సాయంత్రం ఏలీయా ఇంటికి శీలావతులూ బొచ్చెలూ గంపలతో వచ్చి పడ్డాయి.

"నేను గట్లు పడవని కదా అన్నాను, మరి ఇవన్నీ ఎందుకండీ?" అన్నాడు పాపం, అమాయకంగా.

"మీ మాట వల్లే బతికామండీ" అన్నారు వాళ్ళు. అందులో అబద్ధం ఏం లేదు కదా.

"చూశావా సూరమ్మా, జనానికి నిజం కన్నా ధైర్యం ముఖ్యం. నా మాటలో వాళ్ళకి ధైర్యం దొరికింది" అన్నాడు పెళ్ళాంతో, ఛాతీ కాస్త ముందుకు పెట్టి. సూరమ్మ చేపలు తోముకుంటూ, "ఔనండీ" అంది. ఆమెకి మొదటినుంచీ తెలుసు. ఊళ్ళో మరెవరూ చెప్పకపోయినా ఆమె చెప్పి ఉండచ్చు. చెప్పలేదు.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మూడో వార్డు ఆడవాళ్ళకి రిజర్వు అయింది. మూడో వార్డంటే సగం పెద్దవీధి, సగం క్రైస్తవుల పేట. మధ్యలో ఓ తూము. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి మంచినీళ్ళ గొట్టం పెద్దవీధి పొడుగునా వచ్చి సరిగ్గా ఆ తూము దగ్గర ఆగిపోతుంది. ఎందుకాగిందయ్యా అంటే పంచాయతీలో ఎవరూ చెప్పరు. అక్కడి భూమిలో పంపు కొడితే పడేది ఉప్పునీళ్ళు. అంచేత పేట ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని తూము దాటి, పెద్దవీధి వాళ్ళు పట్టుకున్నాక, బస్సు జాగాలో ఉన్న కుళాయి దగ్గర వంతు కోసం నిలబడాలి. సూరమ్మ పెళ్ళై వచ్చిన రోజునుంచీ నిలబడుతూనే ఉంది. ఆమె నడుం ఓ పక్కకి ఒరిగిపోయింది, నడిచేటప్పుడు చూస్తే తెలుస్తుంది.

పేట ఆడవాళ్ళంతా కూడబలుక్కుని సూరమ్మని నిలబెట్టారు. ముందుండి నామినేషన్ వేయించింది పక్కింటి మరియమ్మ. "గొట్టం తూము దాటించు వదినా, ఇంకేం అడగం" అన్నారు. సూరమ్మకి ఎన్నికల గుర్తుగా స్టూలు ఇచ్చారు. పెద్దవీధి తరఫున వెంకట్రాజు భార్య వీరదుర్గ నిలబడింది, బీరువా గుర్తు. వెంకట్రాజుకి కాంటూరు అవతల చెరువులున్నాయి, అవి చెక్కుచెదరలేదు. పెత్తనమూ చెక్కుచెదరలేదు. వీరదుర్గ బయటికి వచ్చి ఓటు అడిగింది లేదు, ఓట్లన్నీ ఆయనే అడిగాడు. వీధి వీధికీ ఓట్లు సమంగా ఉన్నాయి. ఇక మిగిలింది అటూ ఇటూ ఊగే పాతిక ముప్ఫై ఇళ్ళు.

ఆ ఊగే ఇళ్ళ సంగతి చెప్పాలి. వాళ్ళకి కులమూ అక్కర్లేదు, గొట్టమూ అక్కర్లేదు. "ఓటు వృథా చేసుకోకూడదండీ" అన్నది ఒక్కటే వాళ్ళ సిద్ధాంతం. గెలిచేవాళ్ళకి వెయ్యాలి. గెలిచేదెవరో తెలియాలంటే ఏలీయా నోరు విప్పాలి. ఆయన ఎవరు గెలుస్తారంటాడో విని రెండోవాళ్ళకి గుద్దేస్తే ఓటు సద్వినియోగం. ఏలీయా అప్పటిదాకా ఆ ఊసెత్తలేదు. సొంత పెళ్ళాం నిలబడింది కదా అని మొహమాటం.

పోలింగుకి రెండ్రోజుల ముందు సాయంత్రం వెంకట్రాజు స్వయంగా మిషను దగ్గరికొచ్చాడు. చేతిలో రొయ్యల బుట్ట. రోజూ "ఏమోయ్ ఏలీయా" అనే మనిషి ఆరోజు "ఏలీయా గారూ" అన్నాడు. ఏలీయా ఉలిక్కిపడి స్టూలు మీంచి లేచాడు.

"కూర్చోండి, కూర్చోండి. రాజకీయం రాజకీయమేనండీ, మనుషులు మనుషులే" అన్నాడు వెంకట్రాజు. "సూరమ్మ గారు ఉత్తమురాలు. గెలుస్తుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి ఇన్ని దేశాల గురించి చెప్తారు, సొంత ఇల్లాలి గురించి ఓ మంచిమాట చెప్పడానికి మొహమాటం ఏంటండీ? రేపు పొద్దున్న టీకొట్టు దగ్గర పదిమందిలో అనండి, సూరమ్మ గెలుస్తుందని. టీలన్నీ నా ఖాతా."

ఏలీయాకి కళ్ళు చెమర్చాయి. ప్రత్యర్థి అంటే ఇలా ఉండాలి! ఇలాంటి మనిషి ఒక్కడు ఐక్యరాజ్యసమితిలో ఉంటే ప్రపంచంలో యుద్ధాలే ఉండేవి కావు అనుకున్నాడు. మిషను మీద గుడ్డ కప్పేసి, రొయ్యల బుట్ట పట్టుకుని, ఈ శుభవార్త సూరమ్మ చెవిన వేద్దామని పెందలాడే ఇంటికి బయల్దేరాడు.

దొడ్డివైపు తడిక పక్కనుంచి వస్తుంటే లోపల్నుంచి మరియమ్మ గొంతు వినిపించింది. గట్టిగానే మాట్లాడుతోంది, ఆవిడకి మెల్లగా మాట్లాడ్డం తెలీదు.

"వెంకట్రాజు రొయ్యలు పట్టుకెళ్ళాట్ట వదినా, ఎందుకో తెలుసుగా? రేపు అన్నయ్య చేత నువ్వే గెలుస్తావని చెప్పిస్తాడు. ఆయన ఆ మాటన్నాడా, ఊగేవాళ్ళంతా బీరువాకి గుద్దేస్తారు. మన కొంప కొల్లేరే! బాగ్దాదు కాణ్ణుంచీ ఆయన చెప్పింది ఒక్కటీ జరగలేదనీ, ఊరంతా తిరగేసి వింటారనీ నువ్వే ఇవాళ కూచోబెట్టి చెప్పెయ్యి. రెండ్రోజులు నోరు మూసుకోమను."

సూరమ్మ అంది. "నేను చెప్పను."

"అయితే నేను చెప్తాను."

"చెప్పావంటే నీ గుమ్మం తొక్కను మరియమ్మా. పదిమంది కూర్చుని తన మాట వింటారన్నది ఆ మనిషికి ఎంతనుకున్నావు? తెల్లారకుండానే లేచి, బస్సు హారను కోసం చెవులు రిక్కించి కూర్చుంటాడు. చేతిలో డబ్బాడినా ఆడకపోయినా ముఖం వాడకుండా ఉన్నాడంటే దానివల్లే. అది లాక్కుని నేను కుళాయి తెచ్చుకోనా? ఆ నీళ్ళు నా గొంతు దిగుతాయా? ఇన్నేళ్ళు మోశాం. ఇంకో ఐదేళ్ళు మోద్దాం. పోతే పోయింది."

ఏలీయా తడిక పక్కనే నిలబడిపోయాడు. రొయ్యల బుట్టలోంచి నీళ్ళు కాలి మీద కారుతున్నాయి, తెలియలేదు. కాసేపటికి చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి మళ్ళీ కొట్టుకే పోయాడు.

మిషను ముందు కూర్చుంటే ఒకటొకటిగా గుర్తొచ్చాయి. బాగ్దాదు. కప్పు. ఢిల్లీ. గట్లు. గంపల్లో వచ్చిన చేపలు. "ఆయ్, అలాగంటారా?" అని తలలూపిన ముఖాలు, ఒక్కొక్కటీ. ఒళ్ళంతా మండిపోయింది. లేచి వీరాస్వామి పొయ్యి తన్నేద్దామనిపించింది. ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ నిలబడి "ఇంతమంది కలిసి నన్ను వెధవని చేశార్రా!" అని అరవాలనిపించింది. తర్వాత కోపం పోయి ఏడుపొచ్చింది. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది. ఆ తర్వాత, "ఇంకో ఐదేళ్ళు మోద్దాం" అన్న మాట గుర్తొచ్చింది. అంతటితో మిగతావన్నీ చిన్నవైపోయాయి. తన పరువు కోసం ఓ ఆడది నడుం పణంగా పెడుతోంది. ఇంతకన్నా పెద్ద వార్త ఏ పేపర్లోనూ చదవలేదు.

అయినా అలవాటైన బుర్ర ఊరుకుంటుందా? విశ్లేషణ మొదలుపెట్టింది. 'సూరమ్మ ఓడిపోతుందని చెప్తే గెలుస్తుంది. బాగానే ఉంది. కానీ మనసులో గెలుస్తుందనే అనుకుంటున్నాను కదా, అప్పుడు ఓడిపోతుందేమో? నోటి మాటకా ఫలితం, మనసులో మాటకా? పోనీ మనసులో కూడా ఓడిపోతుందనే అనుకుంటే? అలా అనుకోవాలని అనుకోవడం వల్ల...' ఇలా చిక్కుపడ్డ దారపుండలా చుట్టుకుపోయాక ఏలీయాకి ఓ సంగతి తట్టింది. ఓటు వేసేది విధి కాదు, వీరాస్వామి, వాడి బెంచీ. బెంచీకి నోరు వినబడుతుంది, మనసు వినబడదు. ఇన్నేళ్ళ రాజకీయ జీవితంలో ఏలీయా వేసిన మొదటి సరైన లెక్క అదే. లేచి, రొయ్యల బుట్ట తీసుకెళ్ళి వెంకట్రాజు అరుగు మీద పెట్టేసి, ఇంటికిపోయి అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున్న టీకొట్టు దగ్గర ఇసకేస్తే రాలని జనం. వెంకట్రాజు ముందు వరసలో కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు. అవతల కుళాయి దగ్గర పేట ఆడవాళ్ళు బిందెలతో వరసలో ఉన్నారు. వాళ్ళలో సూరమ్మ ఉంది, తల దించుకుని. బస్సొచ్చింది. ఏలీయా మడత విప్పాడు.

లెబనాను మీద బాంబులు పడుతున్నాయని చదివాడు. అక్కణ్ణుంచి ఇరాకు వచ్చాడు. ఇరాకు నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఏలూరు దిగాడు. జనం ఓపిగ్గా వెంట వచ్చారు. చివరికి పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇక మన మూడో వార్డు. ఇక్కడ విషయం ఏంటంటేనండీ... మా ఆవిడ గెలవదు."

పాలు పొంగిపోయాయి, వీరాస్వామి చూసుకోలేదు. వెంకట్రాజు ముఖం వాడిపోయింది. "అదేంటి ఏలీయా గారూ! సొంత ఇల్లాలి గురించి అంత మాటంటారా? నిన్న మనం అనుకున్నదేంటి?"

"విశ్లేషణ దగ్గర సొంతవాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరండీ" అన్నాడు ఏలీయా. "సూరమ్మకి రాజకీయం ఏం తెలుసండీ? పెళ్ళైన కాణ్ణుంచీ బిందె మోసిందే గాని, ఎందుకు మొయ్యాలని ఒక్కరోజు ఎవర్నీ నిలదీసింది లేదు. పేటలో ఎవరికైనా జ్వరమొస్తే ముందు వాళ్ళ బిందె నింపి తర్వాత తన బిందె నింపుద్ది. అలాంటి మనిషి పంచాయతీలో నెగ్గుకొస్తుందా? ఇంకో సంగతి. ఇంట్లోవాణ్ణి గనక నాకే తెలుసు. ఎదటివాడి మనసు నొచ్చుకుంటుందంటే చాలు, గొంతు దాకా వచ్చిన నిజాన్ని ఏళ్ళకేళ్ళు మింగేస్తుంది. తనకెంత నష్టమైనా సరే, మింగేస్తుంది. అలాంటివాళ్ళు రాజకీయాలకి పనికిరారండీ. వీరదుర్గ గారు గెలుస్తారు. బల్ల గుద్ది చెప్తున్నాను." అని నిజంగానే బల్ల గుద్దాడు. కత్తెర ఎగిరి కింద పడింది.

కుళాయి దగ్గర సూరమ్మ బిందె నిండి పొర్లిపోతోంది. ఆమె అది తియ్యకుండా భర్త వంకే చూస్తోంది. మరియమ్మ "నేను చెప్పలేదు వదినా, ప్రమాణంగా చెప్పలేదు" అని గుసగుసలాడింది. ఆవిడ గుసగుస గనక అందరికీ వినబడింది.

"లేదండీ! సూరమ్మ గారే గెలుస్తారు! ఖచ్చితంగా గెలుస్తారు!" వెంకట్రాజు లేచి నిలబడి అరుస్తున్నాడు. ఆవేశంలో ఏమంటున్నాడో ఆయనకే తెలియలేదు. "నేను చెప్తున్నాను, రాసుకోండి, సూరమ్మదే గెలుపు!"

ఊగే ఇళ్ళవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏలీయా ఏమో ఓడిపోతుందంటాడు. పోటీదారు మొగుడేమో గెలుస్తుందంటాడు. ఇంకేం కావాలి? "ఆయ్, అలాగంటారా?" అన్నారు ఇద్దరితోనూ మర్యాదగా. టీ తాగేసి ఇళ్ళకి పోయారు.

పోలింగు రోజు మధ్యాహ్నమే బళ్ళో లెక్కపెట్టేశారు. స్టూలు బీరువా మీద నెగ్గింది. పేటలో డప్పులు మోగాయి, సూరమ్మ మెడలో కాగడామల్లెల దండ వేశారు. ఆమె ఇంటికొచ్చి, ఆ దండ తీసి మేకుకి తగిలించి, మొగుడికి టీ పెట్టి ఇచ్చింది.

"ఎవరు చెప్పారు మీకు?" అంది, గ్లాసు అందిస్తూ.

"ఏం చెప్పారు?"

సూరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కళ్ళు తుడుచుకుంది. "ఏం లేదు లెండి, టీ చల్లారిపోతుంది" అంది.

మర్నాడు టీకొట్టుకి వెళ్ళడమా మానడమా అని ఏలీయా చాలాసేపు గుంజాటన పడ్డాడు. బస్సు హారను వినబడేసరికి కాళ్ళే తీసుకుపోయాయి. బెంచీ మీద అందరూ ఉన్నారు. వీరాస్వామి గ్లాసు అందించి, తల గోక్కుని అన్నాడు. "ఏలీయా గారూ, ఇన్నేళ్ళలో మొదటిసారి తప్పారండీ."

"ఔనండీ, మొదటిసారి" అన్నారు బెంచీ మీదవాళ్ళందరూ ఒక్క గొంతుతో.

ఏలీయా ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. టీ ఓ గుక్క తాగాడు. "ఎంతటివాడికైనా ఎప్పుడో ఓసారి తప్పుతుంది కదండీ" అన్నాడు. "ఆయ్, అంతేనండీ" అన్నారు. ఆయన పేపరు మడత విప్పాడు. లెబనాను యుద్ధం ఇక ఆగదన్నాడు. కొద్దిరోజులకే ఆగింది.

నెల తిరిగాక ఓ పొద్దున్న, చదవడం ముగిసి అందరూ లేవబోతుంటే మరియమ్మ కుళాయి దగ్గర్నుంచి బిందె నడుం మీద పెట్టుకుని టీకొట్టు ముందుకొచ్చి నిలబడింది. "అన్నయ్యగారూ, ప్రపంచమంతా చెప్తారు, మా సంగతి ఒక్కటి చెప్పండి. వదిన పంచాయతీలో గట్టిగా అడుగుతూనే ఉంది, వాళ్ళు చూద్దాం చూద్దాం అంటున్నారు. ఇంతకీ గొట్టం తూము దాటుతుందంటారా? పేటకి కుళాయి వస్తుందంటారా?"

బెంచీ మీదవాళ్ళు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. ఏలీయా కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. మరియమ్మ వెనకాల వరసలో సూరమ్మ ఉంది, నడుం ఓ పక్కకి ఒరిగి, ఖాళీ బిందె పట్టుకుని. ఆమె వంక చూడకుండా చెప్పాడు.

"ఇక్కడ విషయం ఏంటంటేనండీ... కుళాయి రాదు. ఈ జన్మకి రాదు. బల్ల గుద్ది చెప్తున్నాను."

మరియమ్మ ముఖం విప్పారింది. ఆ సాయంత్రం బస్సెక్కి ఏలూరు వెళ్ళి, కుళాయి కింద పెట్టుకోవడానికి కొత్త బిందె ఒకటి కొనుక్కొచ్చింది.